నీళ్ల గిన్నెలో జెర్రిపోతు పిల్ల

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఫిట్టరుగా రిటైరైన అప్పలసూరి, హిందీ మాట్లాడే కార్మికుల కాలనీ సిద్ధగోరాలో తన ఇంటికి ఎవరొచ్చినా అద్దాల పెట్టెలోని, ఫ్యాక్టరీవాళ్లిచ్చిన షీల్డులు చూపించాకే కుర్చీ చూపిస్తాడు. పెంచుకుంటున్న జెర్రిపోతు పిల్లనీ ఆ గొప్పల్లోనే కలిపేశాడు. తన చేత్తో చేసిన చెక్కపెట్టెలో అది పగలంతా నీళ్ల గిన్నెలోనే చుట్టుకుని ఉంటే, మీసం దువ్వుకుంటూ "నాలాగే, తానం లేకపోతే ఉండలేదు" అనేవాడు. ఓ ఉదయం భార్య భద్రమ్మ గిన్నెలోకి వంగి చూసింది.

"ఏటయ్యా, నీళ్లల్లో ఆవాలు పోసినావా?"

అవి మునిగి చచ్చిన పేలు. పాము కంటి అంచుల్లోనూ అవే. వాటి బాధ పడలేకే అది నీళ్లల్లో దాక్కుంటోందని అతనికప్పుడు తెలిసింది. పెట్టె అతుకుల్లో గోరు దూర్చి చూస్తే, అక్కడంతా పాకుతున్నాయి.

"ఇందులోనే ఉంచితే సచ్చిపోద్ది. నీ పెట్టె పొయ్యిలో ఎట్టేద్దాం," అంది భద్రమ్మ.

అతను షీల్డులన్నీ మంచం కిందకి తోసి, అద్దాల పెట్టె వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాడు. పిల్ల ఒంటికి కొబ్బరినూనె రాసి అందులో వదిలి, పైన దోమతెర గుడ్డ కట్టాడు. అది నాలుగు అద్దాలకీ ముక్కు రాసుకుంటూ తిరిగింది. కిటికీలోంచి పొరుగింటి రంగనాథ్ తొంగిచూశాడు.

"క్యా దాదా, నయా షీల్డా?"

అప్పలసూరికి నవ్వు రాలేదు. ఎటు తిరిగినా దాక్కునే చోటు లేక, అందరికీ కనపడుతూనే ఉంది పిల్ల. రిటైర్మెంటునాడు తనకి కప్పిన శాలువా తెచ్చి, పెట్టె చుట్టూ కప్పాడు.