విబూదితో తోమిన నాణెం

మా వీధి మాస్టారు పోయారని, షాపు తెరుస్తుండగా ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఒంగోలులో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఆయన ఇక్కడ అమెరికాలో, అరోరాలో కూతురి దగ్గరే ఉండేవారు.

నేను ఇండియన్ గ్రోసరీలో కౌంటర్ దగ్గర ఉంటాను. ఆయన మొదటిసారి వంద డాలర్ల నోటు ఇచ్చినప్పుడు, అలవాటు కొద్దీ దొంగనోట్లు పట్టే పెన్నుతో దానిమీద గీత గీశాను. పెద్దవాళ్ళలో చాలామందికి అది కోపం. ఆయనకు సంతోషమైంది.

“గీయవయ్యా. పర్షియా బజారులోనూ ఇంతే.”

జేబులోంచి మాత్రల సీసా తీసి, అందులోని నల్లబడ్డ వెండి నాణెం చూపించారు. ఢిల్లీని దోచుకుపోయిన పర్షియా రాజు పోయాక అక్కడ సింహాసనం కోసం కొట్టుకున్నారట. గెలిచినవాడు ముందు వెండి మీద తన పేరు కొట్టించేవాడు. ఒక్కోసారి పాత రాజు నాణెం మీదే కొత్త అచ్చు పడేది. నాణేలు పరీక్షించే షరాబులు మాత్రం పేరు చదివి ఊరుకోక తూకం వేసేవారట. “పేరు రాజుది, తూకం బజారుది,” అనేవారు మాస్టారు.

తన నాణెంలో కొత్త పేరు కింద పాత పేరు ఉందని ఆయన మాట. నేను నమ్మలేదు. మా ఊళ్ళో వెండిని రాతి మీద పడేసి మోత వినేవాళ్ళం. ఆయన పడేయనిచ్చేవారు కాదు, తోమనిచ్చేవారు కాదు. పాత గీతల్లో పట్టిన నలుపు పోతే కింది పేరూ కనిపించకుండా పోతుందట. మంచి సాకే దొరికిందనుకున్నాను. భూతద్దంలో నాకు గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. అదే చెప్పాను.

“మా అల్లుడు నెట్‌లో కొన్న నకిలీ అంటున్నాడు. నమ్మేవాళ్ళు చెబితే వినడు. నమ్మని నువ్వే చెప్పాలి. ఆదివారం ఎండలో చూద్దాం,” అన్నారు.

ఆ ఆదివారం రాకముందే పోయారు.

వాళ్ళింటికి వెళ్ళేసరికి ఫొటో ముందు నాణెం తళతళలాడుతోంది. పూజ వెండి తోమినట్టు కూతురు దాన్ని విబూది పెట్టి తోమింది.

“నాన్నగారికి ఇష్టమని నీట్‌గా క్లీన్ చేశానంకుల్. ఇది అసలుదేనా? మా ఆయన కాదంటారు.”

వంటగట్టు రాతి మీద పడేశాను. మోత చాలాసేపు ఆగలేదు.

“వెండేనమ్మా. పేర్ల సంగతి చెప్పలేను,” అన్నాను.

అల్లుడు ఫోన్ చూసుకుంటూ తలూపాడు. నాణెం ఫొటో ముందు పెట్టబోతుంటే, ఒక అక్షరం వంపులో బట్ట అందని చోట ఆవగింజంత నలుపు కనిపించింది. పెట్టకుండా, దాన్ని కిటికీలోని ఎండ వైపు తిప్పాను.