మేడం చూపించిన దారాలు

మేడం పోయారని మొన్న మా ఆయన గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చి గడపలోనే నిలబడి చెప్పాడు. నేను ఐదో తరగతి వరకే చదివినదాన్ని. ఆమె గురించి రాయాలంటే బెరుగ్గా ఉంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

గోదావరిఖనిలో మా పక్క క్వార్టరే ఆమెది. కాలేజీలో చెట్ల శాస్త్రం చెప్పేవారు. మిగిలిన పొద్దంతా బూజులు, పుట్టగొడుగులు, పైర్లకొచ్చే తెగుళ్లు. గని లోపలి నుంచి తెచ్చి పడేసిన పాత దుంగల పక్కన వానలో గొడుగు పట్టుకుని కూర్చునేవారు. మేం మురిగిన వంకాయ పారేయబోతే "పారెయ్యకు చెల్లే, నాకియ్యి" అని చెయ్యి చాపేవారు. మేడం ఇంట్ల కూర కుళ్లితెనే పండుగ అని ఆడవాళ్లు నవ్వితే తానూ నవ్వేవారు. దుంగ మీది ఒక తెల్లటి బూజు ఏ జాతిదో తేల్చడానికి ఎన్నో వానాకాలాలు చూశారు. "ఇంక తెలువలే. తెలువదని చెప్పుటానికి సిగ్గేంది" అన్నారొకసారి. అంత చదివిన మనిషి అలా అనడం నాకు వింతగా ఉండింది.

నా పెళ్లైన కొత్తలో మా పొలంలో మిరప నారు చచ్చింది. గని నుంచి తోడిపోసే నీళ్లు పక్క కాలువలో ఎప్పుడూ పారుతుంటాయి. ఊరికే వచ్చే నీళ్లు కదా అని మామ పొద్దునా మాపునా మడి నింపేవాడు. మొలకలు మొదళ్ల దగ్గర మెత్తబడి ఒరిగిపోయాయి. నేను ముట్టయి ఉండి మడిలో అడుగు పెట్టానని అత్త అంది. నేను పెట్టనేలేదు. మళ్లీ పోసిన నారూ పడిపోయింది. ఇంకోసారి చస్తే నన్ను పుట్టింటికి తోలుతానంది అత్త.

మా ఆయన ఈ సంగతి మేడం చెవిన వేశాడు. ఆమె పొలానికి వచ్చి, ఒరిగిన మొలకలు ఏరుకుని వెళ్లి, నన్నూ అత్తనూ ఇంటికి పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ముందు నేను చూశాను. గాజులాంటి సన్నటి దారాలు, ఒకదాంట్లోంచి ఒకటి చీలుతూ మొలక లోపలంతా అల్లుకుని ఉన్నాయి. బియ్యపు గింజంత లేని ముక్కలో అడవంత ఉంది.

తర్వాత అత్త కన్ను పెట్టింది.

"నారును తిన్నది గిదే అవ్వా," అన్నారు మేడం. "మడిల నీళ్లు నిలిస్తే పెరుగుతది. ఆడిదాని ముట్టు దీనికి తెలువదు. నీళ్లే తెలుసు."

అత్త చాలాసేపు కన్ను తియ్యలేదు. "గింత చిన్నదా గింత పని చేసింది" అంది చివరికి.

మేడం చెప్పినట్టు మామ మడి ఎత్తు చేశాడు, నీరు పోయేలా చుట్టూ కాలువ తీశాడు. మన్ను పట్టి చూశాకే నీళ్లు పెట్టమన్నారామె. విత్తే రోజున నేను ముట్టయి బయట ఉన్నాను. గట్టుకు దూరంగా నిలబడ్డాను. అత్తకు తెలుసు. తెలిసే విత్తనాల గిన్నె తెచ్చి నా చేతికిచ్చింది.

"రా. నువ్వే చల్లు."

ఆ నారు బతికింది. నేను మా ఇంట్లోనే ఉన్నాను.

ఆ విత్తే రోజున మడిలో దిగి చల్లుతూ, చూడటానికి వచ్చిన మేడం ఏమంటారోనని వెనక్కి తిరిగి చూశాను. ఆమె మమ్మల్ని చూడటం లేదు. గట్టు మీద మోకాళ్లూని, కుచ్చిళ్లకు బురద అంటుతున్నా పట్టించుకోకుండా, గడ్డిలో మొలిచిన గోరంత పుట్టగొడుగు కిందికి తల వంచి చూస్తున్నారు.