రాబోయే కచేరీలు

ప్రతి సోమవారం, గురువారం యుగంధర్ కంచిలి నుంచి పలాస ఆసుపత్రికి వచ్చి, కిటికీ పక్క మంచమే కావాలని నర్సుతో పేచీ పెట్టుకుంటాడు. ఎడమచేతికి డయాలసిస్ గొట్టాలు తగిలించాక నాలుగు గంటలు కదలడానికి లేదు. కుడి బొటనవేలితో ఫోన్‌లో తన పాటల వెబ్‌సైట్ దిద్దుకుంటూ పడుకుంటాడు. జీడితోటల్లో తిరిగినన్నాళ్లూ కట్టిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. రెడీమేడ్‌గా దొరికిన ఆ సైట్‌లో ‘రాబోయే కచేరీలు’ అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే పేజీ సేవ్ కాదు. మూడు వారాలు దాంతో కుస్తీ పట్టి, విసిగిపోయి, తను ఇల్లు కదిలేది ఎక్కడికో అదే రాసి పారేశాడు: సోమ, గురు, ఉదయం తొమ్మిది, పలాస ఆసుపత్రి.

ఈ సోమవారం పూండి నుంచి ఒకామె కౌంటర్లో అతని పేరు చెప్పి, వెతుక్కుంటూ వార్డు గుమ్మందాకా వచ్చింది.

“పోగ్రాం ఇక్కడేనా అన్నా? సైట్‌లో సూసి వొచ్చినాను.”

యుగంధర్ గొట్టాలున్న చేతిని దుప్పటి కింద దాచుకోబోయాడు. కదపొద్దని నర్సు కసిరింది.

“ఇక్కడే సెల్లీ,” అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని. “కూకో. ఇంకా మూడు గంటలు నానెక్కడికీ ఎల్లలేను.”