పదమూడు గుడ్ల మొక్కు

కోడి ఇరవై ఒక్క దినాలు గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తర్వాత లేస్తుంది. నేను పన్నెండేళ్ళుగా ఒక అబద్ధం మీద కూర్చున్నాను. లేవలేదు. పడుకుని పక్క మారినా అది నా కిందే ఉంది. ప్రార్థనకు మోకాళ్ళూనినా నా కిందే ఉంది.

నాకు చదువు రాదు. నా పేరు రాసుకోగలను, అంతే. నేను చెబుతుంటే మా బడి పంతులమ్మ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఎక్కడా బెల్లం కలపొద్దన్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన మొహమైతే ఈపాటికి మాట మార్చేసేదాన్ని. మాట మార్చడం నాకు బాగా వచ్చు.

మాది కళ్యాణదుర్గం దగ్గర మెట్ట ఊరు. బస్సు రోడ్డు నాలుగు మైళ్ళు. ఆ ఏడు వాన లేదు. చెనిక్కాయ వేస్తే వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. మా ఆయన, మా మరిది దావీదు ఇద్దరూ కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేవాళ్ళు. శనివారం వచ్చి, ఆదివారం ప్రార్థన చూసుకుని మళ్ళీ పోయేవాళ్ళు. ఇంట్లో నేనూ, నా తోడికోడలు మార్తమ్మా. దానికి తొమ్మిదో నెల. నాకు పెళ్ళయి ఏడేళ్ళు. రెండు కాన్పులు పోయాయి. మూడోది నిలవనే లేదు.

మార్తమ్మ మంచిది. అదే నాకు కష్టం. చెడ్డదై ఉంటే ఇది చెప్పడం సులువయ్యేది. సంగటి ముద్ద విరిస్తే పెద్దది నా పళ్ళెంలోనే వేసేది. పుట్టిన బిడ్డను నీ ఒళ్ళోనే వేస్తా అక్కా, నాకు ఎత్తుకోను చేతకాదు అని నవ్వేది. ప్రేమతోనే అనేది. నాకు మాత్రం తుమ్మముల్లు దిగినట్టుండేది. నీ బిడ్డను నాకు బిచ్చమేస్తావా అనుకునేదాన్ని. పైకి నేనూ నవ్వేదాన్ని.

నాదంటూ ఆ ఇంట్లో ఉన్నది ఒక ఎర్రపెట్ట. పుట్టింటి నుంచి సంకన పెట్టుకుని తెచ్చుకున్న కోడి సంతానం. అది పొదుగుకు వస్తే గంపలో పొట్టు పోసి పదమూడు గుడ్లు పెట్టాను. ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక బొగ్గు ముక్క కూడా వేశాను. ఉరుమే లేని ఏడాదిలో బొగ్గు ఎందుకో! పెట్టే ముందు ఆ గుడ్లను ఒళ్ళో కట్టుకుని మా ప్రభువు గుడికి పోయి మెట్టు మీద మొక్కుకున్నాను. లేచిన పిల్లలన్నీ కోత పండుగకు నీకే ఇస్తాను, ఒక్కటీ అమ్ముకోను, ఒక్కటీ కోసుకోను, నా కడుపు నిలబెట్టు అన్నాను.

మా అమ్మ మారెమ్మకు ఇట్లాగే మొక్కేది. మేము దేవుణ్ణి మార్చుకున్నాం గానీ మొక్కును మార్చుకోలేదు. ప్రభువు బేరాలాడడని పాస్టరయ్య ఎన్నిసార్లు చెప్పాడో. చెవిలో పడింది. లోపల పడలేదు.

మా వైపు ఇంకో నమ్మకం ఉంది. పొదగేసిన చెయ్యే మేత వేయాలి. చెయ్యి మారితే కోడి గుడ్ల మీద నుంచి లేచిపోతుంది, గుడ్లు మురిగిపోతాయి. ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి.

మిషన్ ఆసుపత్రి నర్సమ్మ నెలకొకసారి జీపులో వచ్చి గుడి వసారాలో చూలాళ్ళను చూసేది. ఆ రోజు మంగళవారం. కోడి కూర్చుని పద్దెనిమిది దినాలు. నర్సమ్మ మార్తమ్మ పొట్ట తడిమింది. మళ్ళీ తడిమింది. దాన్ని బయట కూర్చోమని పంపి నన్ను దగ్గరికి పిలిచింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, రేపటి బస్సుకే ఆసుపత్రికి తీసుకురా, నువ్వూ తోడుండు, పిల్ల భయపడుతుంది, దారిలో మెల్లగా చెప్పు, మంత్రసాని చేతిలో మాత్రం పెట్టొద్దు అని గట్టిగా చెప్పింది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంటికొచ్చాను. చెప్పలేదు.

రేపు పోతే కాన్పు దాకా అక్కడే ఉండాలి. ఎర్రపెట్టకు మేత ఎవరు వేస్తారు? ఇంకా మూడు దినాలే కదా. శుక్రవారం పిల్లలు లేస్తాయి. శనివారం మగవాళ్ళు వస్తారు, చెబుతాను, సోమవారం బస్సెక్కిస్తాను. దేవుడికి మొక్కిన గుడ్లను మధ్యలో వదిలేస్తే దేవుడు ఊరుకుంటాడా? ఇట్లా అనుకున్నాను. అంతా దేవుడి పేరు మీదే అనుకున్నాను.

నిజంగా కోడి కోసమేనా? పన్నెండేళ్ళుగా అడుగుతున్నాను. దీనికీ నాలాగే పోతే నా నొప్పి దీనికీ తెలుస్తుందని లోపల ఏ మూలో ఒక పురుగు అనలేదా? అనలేదని బైబిలు మీద చెయ్యి వేయలేను. మార్తమ్మ చచ్చిపోవాలని మాత్రం నేను అనుకోలేదు. బిడ్డ ఒక్కటే పోతుందనుకున్నానేమో. అట్లా అనుకుని ఉంటే అదేమన్నా చిన్న పాపమా?

శుక్రవారం తెల్లవారుతుండగా నొప్పులు వచ్చాయి. మంత్రసాని ఎల్లమ్మను పిలుచుకొచ్చాను. ఆమె గడప దాటి లోపలికి వచ్చేసరికే బిడ్డ చెయ్యి బయట ఉంది. చిన్న చెయ్యి, నీలంగా. ఎల్లమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఇది నా చేతిలో పని కాదు, బండి కట్టండి అని అరిచింది. సరైన మాట ఆ ఇంట్లో ఆ రోజు ఆమె ఒక్కతే అంది.

పక్కింటి పెద్దాయన బండి కట్టాడు. ఎద్దులు కరువుకు బొమికలు తేలి ఉన్నాయి. ఎండిన వంకలో చక్రాలు ఇసుకలో దిగిపోతే ఎల్లమ్మ దిగి, ఆ వయసులో, భుజం పెట్టి నెట్టింది. నేను మార్తమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు అది కళ్ళు తెరిచింది.

"అక్కా, మొన్న నర్సమ్మ నన్ను బయటికి పంపి నీకేందో చెప్పింది గదా. ఏం చెప్పింది?"

"ఏం చెప్తాది అమ్మీ. బాగా తినమనింది. నీళ్ళు తాగమనింది."

"అంతేనా?"

"అంతే. నీకాడ నేను దాస్తానా?"

"అట్లయితే నాకేం గాదులే." కాసేపు పళ్ళు బిగబట్టింది. మళ్ళీ నా చెయ్యి వెతుక్కుంది. "నీ కోడి యాడికొచ్చింది? పిల్లల్ని లేపిందా?"

"ఈపొద్దు లేపుతాది."

"ఒగటి నా బిడ్డకియ్యాల నువ్వు. ఆడుకుంటాది."

అదే దాని చివరి మాట. బస్సు రోడ్డు కనిపిస్తోంది. పోయింది.

బండి వెనక్కి తిరిగింది. పొద్దు వాలేటప్పటికి ఇంటికి చేరాం. శవాన్ని దింపుతుంటే గంపలో నుంచి కిచకిచమని చప్పుడు. రెండు మురిగాయి, పదకొండు లేచాయి. ఇంటి ముందు ఆడవాళ్ళు ఏడుస్తుంటే నేను లోపలికి పోయి నూకలు చల్లాను. చెయ్యి మారకూడదు కదా.

కబురంది దావీదు వచ్చాడు. తల్లినీ బిడ్డనూ ఒకే గుంతలో పెట్టాం. మట్టి వేసి లేచి దావీదు ఎల్లమ్మ మీద పడ్డాడు. నీ చేతులు పడిపోను, బిడ్డను లాగి చంపితివి గదే అన్నాడు. ఊరంతా అదే అంది. నేను పక్కనే ఉన్నాను. నాకు తెలిసింది అక్కడ ఇంకెవరికీ తెలియదు. ఒక్క మాట చాలు. నోరు తెరవలేదు. ఆ తర్వాత ఎల్లమ్మను ఎవరూ కాన్పుకు పిలవలేదు. బావి దగ్గర ఆమె వస్తే కడవలు పక్కకు లాక్కునేవాళ్ళు. రెండు నెలలకు తల్లి లేని పదేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని, ఒక మూట నెత్తిన పెట్టుకుని గుమ్మఘట్ట వైపు వెళ్ళిపోయింది. పోతూ మా వాకిట్లో నిలబడింది. "నేను చెయ్యి పెట్టకముందే బిడ్డ చెయ్యి బయట ఉండె. నువ్వు చూస్తివి. ఊరికి ఒగ మాట చెప్పగూడదా తల్లీ?" అంది. నేను కోళ్ళకు మేత వేయాలని లోపలికి పోయాను.

ఇక్కడ పంతులమ్మ కలం ఆగింది. ఎందుకంటే ఆ రోజు ఎల్లమ్మ వెంట పోయిన మనవరాలు ఈమే. మా ఊరి బడికి వచ్చి ఏడాదయింది. పోయిన ఎండాకాలంలో ఎల్లమ్మ ఈమె చేతుల్లోనే కన్ను మూసింది. అందుకే రాయడానికి ఈమెను పిలిచాను. రాయి తల్లీ, ఆపొద్దు అన్నాను. "మా అవ్వ సచ్చేదాంకా తన చేతులు చూసుకుంటాండె," అంది. ఆ మాట కూడా రాయమన్నాను. రాసింది.

మిగిలింది కూడా చెప్పేస్తాను. మరుసటి నెల నర్సమ్మ వచ్చి, తీసుకురమ్మని చెప్పాను కదా అని నన్ను నిలదీసింది. నేనేం చేసేది అమ్మా, అది వినలేదు, మంత్రసానే చాలంది అన్నాను. చచ్చిన దాని మీదికి నెట్టాను. అది తిరిగి మాట్లాడదు కదా.

కోత లేని ఏడాది కూడా కోత పండుగ ఆగదు. గద్దలకూ తెగులుకూ పోగా మిగిలిన ఆరు కోళ్ళను గుడికి మోసుకుపోయాను. పాస్టరయ్య అందరి ముందు నన్ను మెచ్చుకున్నాడు. ఇంత దుఃఖంలోనూ ప్రభువును మరవలేదన్నాడు. తల దించుకుంటే వినయమనుకున్నారు. ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే కానుకలు వేలం వేశారు. దావీదు ఒక పెట్టను పాడుకుని ఇంటికి తెచ్చి నా కాళ్ళ దగ్గర వదిలాడు. మార్తక్కకు నీ కోళ్ళంటే ఇష్టం వదినా, ఒగటైనా ఇంట్లో ఉండనీ అన్నాడు. పెళ్ళాన్ని అక్క అని పిలవడం వాడి హాస్యం. ఆ కోడి ఐదేళ్ళు బతికింది. రోజూ నా చేత్తోనే మేత తినింది.

ఆ మరుసటి ఏడు నా కడుపు నిలిచింది. నేను మాత్రం పదిహేను దినాల ముందే బస్సెక్కి ఆసుపత్రికి పోయాను. ఆ నర్సమ్మ చేతుల్లోనే ఆడపిల్ల పుట్టింది. దావీదు మార్తమ్మ పేరు పెట్టమన్నాడు. వద్దనడానికి కారణం చెప్పలేకపోయాను. నీళ్ళకు పిలిచినా, కూటికి పిలిచినా, తిట్టినా, ఆ పేరే. దేవుడు నా బేరం ఒప్పుకున్నాడా? ఒప్పుకుని ఉంటే ఆయనంటే నాకు భయం. ఒప్పుకోకుండా ఊరికే ఇచ్చి ఉంటే ఇంకా భయం. ఎవరినీ అడగలేను. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయి రెండేళ్ళు. మంచి పెళ్ళాంతో కాపురం చేశాననుకుంటూనే పోయాడు.

రాసిందంతా పంతులమ్మ చదివి వినిపించింది. ఒక్క చోటా బెల్లం కలపలేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. అడిగితే అది ఇంకో బేరమవుతుంది. మీ దాకా పంపే ముందు ఇది కోత పండుగ రోజు మా గుడిలో చదవాలని మాత్రం చెప్పాను.

నా పేరు రాయించలేదు, పిల్ల ఇంకా చిన్నది. పేరు లేకపోయినా ఊరికి తెలిసిపోతుంది. తెలియనీ. ఎల్లమ్మ పేరు మాత్రం ఉండాలి. ఆ మాటలు నా చేత్తోనే రాస్తానన్నాను. పంతులమ్మ నా చెయ్యి పట్టి దిద్దించలేదు. పలక మీద రాసి నా ముందు పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది. చూసి రాశాను. చాలాసేపు పట్టింది. వంకరగా వచ్చాయి గానీ చదవడానికి వస్తాయి.

ఎల్లమ్మ తప్పు చేయలేదు.