ఫ్యాన్ లేని కంప్యూటర్

మాంగో పేటలో సెబాస్టియన్ ఇంటికి వెళితే కూర్చోడానికి కుర్చీ దొరకదు. అన్నిటి మీదా పాత కంప్యూటర్లే. స్టీలు ప్లాంటులో రిటైరైన మనిషి, పసుపెక్కిన ఆ డొప్పలకి బ్యూటీపార్లర్లో జుట్టు రంగు తీసే మందు పూసి ఎండలో పెడతాడు. "ఊరంతా జుట్టుకి నలుపేసుకుంటంటే, ఈయన కంప్యూటర్లకి తెలుపేత్తన్నారు" అని పెళ్లాం ఫ్లోరా దెప్పుతుంది. అతను నవ్వి, చిన్న బ్రష్షుతో మీటల సందుల్లో దుమ్ము తీసుకుంటూ పోతాడు. కోరికల్లా ఒకటే, వీటిని నలుగురూ చూడ్డానికి స్కూల్లో ఒక గది. "శనివారం పిల్లల ముందు ఒక్కటైనా నడిత్తే గదిత్తాను. లేదా, ఇంక అడక్కండి" అని తేల్చేసింది హెడ్మిస్ట్రెస్ డార్కస్.

శనివారం నలభై ఏళ్లు దాటిన పెట్టెని బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాడు. తెర నల్లగానే ఉంది. పిల్లలు కిసుక్కుమన్నారు. సెబాస్టియన్ స్విచ్చి ఆపి, చొక్కా చేతులు మడిచి, పెట్టెని జానెడెత్తు లేపి దబ్బున వదిలేశాడు.

"ఏటండీ, పగలగొట్టేత్తారా!" అని డార్కస్ కేక పెట్టింది.

అతను మళ్లీ స్విచ్చి వేశాడు. పచ్చటి అక్షరాలు వెలిగాయి.

"చప్పుడు కాకూడదని దీనికి ఫ్యాన్ పెట్టలేదమ్మా. వేడికి లోపల చిప్పులు గూళ్లలోంచి లేచిపోతాయి. కుదిపితే మళ్లీ కూర్చుంటాయి."

"అంకుల్, ఏక్ బార్ ఔర్ గిరాయియే!" అని, ఇంకోసారి పడెయ్యమని హిందీలో అరుస్తూ పిల్లలు ఎగబడ్డారు.

వాళ్లని తోసుకుని డార్కస్ ముందుకొచ్చింది. "గదిచ్చేత్తాన్లెండి గానీ, ముందా మూత తియ్యండి. ఆ గూళ్లేటో నేనూ చూడాల."