బకెట్‌కు ఆరో స్థానం

సెలూన్ మామగారికి లోకంలో ఎవరితోనూ పేచీ లేదు. ఉన్న పేచీ అంతా ఆరు ఆల్బమ్‌లతోనే. ఓ అక్కా తమ్ముడూ కారు షెడ్డులో కూర్చుని, ఆమె డ్రమ్ములు బాదుతూ, అతను గిటార్ గీకుతూ, మూడో మనిషిని దగ్గరికి రానివ్వకుండా చేసిన రాక్ సంగీతం అది. ఆరు ఆల్బమ్‌లు చేశాక ఇక చాలనుకుని వాళ్ళిద్దరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మామగారికి మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది. ఆ ఆరింటిలో ఏది మొదటిదో, ఏది ఆఖరిదో ఇరవై ఏళ్ళుగా తేలుస్తూనే ఉన్నారు, ఇంకా తేలలేదు.

సెలూన్‌లో అద్దం పక్కన ఓ నల్లబల్ల ఉండేది. దానిమీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు, వాటి ఎదురుగా ఆల్బమ్ అట్టల మీది బొమ్మలను బట్టి ఆయన పెట్టుకున్న పేర్లు: నిచ్చెన, గొడుగు, గాడిద, తలుపు, రెండు కుర్చీలు, బకెట్. పొద్దున్నే షట్టర్ ఎత్తి, కత్తెర ముట్టుకోకముందే సుద్దముక్క అందుకుని ఆనాటి తీర్పు చెప్పేవారు.

"గాడిద రెండు మెట్లు దిగింది."

"అదేం పాపం చేసిందండీ?" అని ఎవరైనా అడిగితే అయిపోయారన్నమాటే.

"ఐదో పాటలో అక్క ఇంకా వాయిస్తుండగానే తమ్ముడు ఆపేశాడు. పెద్దవాళ్ళంటే ఆ మాత్రం గౌరవం లేకపోతే ఎలా?"

దీనికి తోడు ఓ నియమం. బల్లమీద ఆఖరున ఉన్న ఆల్బమ్‌నే ఆ రోజంతా సెలూన్‌లో మోగించాలి. "మొదటిదాన్ని వినడం ఎందుకయ్యా? అది ఎలాగూ నెగ్గింది. మళ్ళీ విచారణ జరగాల్సింది ఓడినదానికి," అనేవారు. ఆ నియమాన్ని తానూ ఒక్కరోజు కూడా తప్పలేదు.

కుర్చీలో కూర్చున్నవాడికి ఈ విచారణలో సాక్ష్యం చెప్పక తప్పేది కాదు. ఓసారి బడి హెడ్మాస్టరుగారి ఒక చెంప గీసి, రెండో చెంపమీద నురగ ఉండగానే మామగారు కత్తి గాల్లో ఆపారు.

"గొడుగు గొప్పదా, తలుపు గొప్పదా? నిజం చెప్పండి."

గొంతు దగ్గర కత్తి పెట్టుకుని నిజం చెప్పే సాహసం హెడ్మాస్టరుగారికి లేదు. "మీరేదంటే అదేనండీ."

మామగారికి ఎక్కడ లేని కోపం వచ్చింది. "సొంత అభిప్రాయం లేని మనిషికి గడ్డం గీసి లాభమేంటి?" అని వెళ్ళి బల్ల ముందు నిలబడి ఆలోచనలో పడ్డారు. హెడ్మాస్టరుగారు అరగంట చూసి, ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా బడికి వెళ్ళారు. అయినా మర్నాడు మళ్ళీ అక్కడికే వచ్చారు. మామగారి చెయ్యి అంత మంచిది.

అల్లుడు రెండో కుర్చీలోకి వచ్చింది పెళ్ళయిన నెలకి. అతను పని బాగానే నేర్చుకున్నాడు గానీ, మామగారి కళ్ళెదుట పని చేయడం నేర్చుకోలేదు. ఆయన దగ్గితే అతని చెయ్యి వణికేది. మొదటి వారంలో ముగ్గురి చెవులు గీశాడు. రెండో వారంలో ఓ రోజు బకెట్ ఆఖరున పడి పొద్దుటి నుంచి మోగింది. ఆ డ్రమ్ముల దెబ్బ తాపీగా, ఒక్కలాగే సాగుతుంటే అతనికి ప్రాణం హాయిగా అనిపించింది. సాయంత్రం ధైర్యం చేసి, "మామయ్యగారూ, నాకైతే ఇదే అన్నిటికన్నా నచ్చిందండీ," అన్నాడు.

మామగారు అతన్ని ఎగాదిగా చూశారు. "బకెట్టా?" అన్నారు.

మర్నాడు కూడా బకెట్ ఆరో స్థానంలోనే ఉంది. ఆ మర్నాడూ అంతే. మధ్యలోని నాలుగూ కిందికీ పైకీ తిరుగుతూనే ఉన్నాయి, బకెట్ మాత్రం పదమూడు నెలలుగా కదల్లేదు. ఆ పదమూడు నెలలూ మామగారి చెవుల్లో దూది ఉండేది. అడిగినవాళ్ళకు జలుబు అని చెప్పేవారు.

అల్లుడికి అది ముల్లులా గుచ్చుకుంది. తనకు నచ్చినదాన్ని రోజూ పొద్దున్నే, పదిమంది ముందు, ఆఖరిదని రాస్తున్నారంటే అది తనను అన్నట్టు కాక ఇంకేంటి? ఇంతలో మార్కెట్ అవతల కొత్త సెలూన్‌వాళ్ళు రమ్మన్నారు. సాయంత్రంలోగా మాట చెప్పమన్నారు. వెళ్ళిపోదామనే నిశ్చయించుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి అత్తగారితో చెప్పాడు. ఆవిడ ఆరిన సెలూన్ తువ్వాళ్ళు మడతపెడుతున్నారు.

"ఎందుకు బాబూ? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు అత్తయ్యగారూ. బకెట్‌ని ఆఖరున పెట్టి ఏడాది దాటింది. నా మీద ఆయనకు అంత చిన్నచూపు ఉన్నప్పుడు నేనెందుకు ఉండాలి?"

ఆవిడ తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఆఖరున ఉన్నదే కదా రోజంతా మోగేది?"

"అవునండీ."

"అది మోగిన రోజు నువ్వు ఎవరి చెవీ గియ్యలేదట. చెయ్యి రాయిలా నిలబడిందని ఆ రోజు ఇంటికొచ్చి నాలుగుసార్లు చెప్పారు. ఇంక అప్పట్నుంచి దాన్ని అక్కడినుంచి కదలనివ్వలేదు."

"నాతో చెప్పొచ్చు కదండీ?"

"నీ కోసమని తెలిస్తే నువ్వు మళ్ళీ వణుకుతావట. ఆయనకేమో ఆ బకెట్ అంటే ఒళ్ళుమంట. ఆ చెవుల్లో దూది జలుబుకి అనుకున్నావా? ఆయన ప్రాణం నిచ్చెన మీద ఉంటుంది. దాన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టి పదమూడు నెలలైంది, సెలూన్‌లో ఒక్కసారి వినలేదు. ఆ నియమం ఒకటి ఏడ్చింది కదా."

అల్లుడికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. కొత్త సెలూన్‌వాళ్ళకు ఫోన్ చేసి రానని చెప్పి, గబగబా వెనక్కి నడిచాడు.

మామగారు హెడ్మాస్టరుగారి మెడకు తువ్వాలు కడుతున్నారు. అల్లుడు నేరుగా వెళ్ళి, ఇరవై ఏళ్ళుగా ఇంకొకరు తాకని సుద్దముక్క తీశాడు. ఆరో స్థానంలో బకెట్ చెరిపేసి నిచ్చెన అని రాశాడు. మొదటి స్థానంలో బకెట్ అని రాశాడు. హెడ్మాస్టరుగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"నిచ్చెన ఆఖరా?" అన్నారు మామగారు. "అది చేసిన తప్పేంటి?"

"రెండో పాటలో అక్క కాస్త తొందరపడిందండీ. మళ్ళీ విచారించాలి. రేపు కూడా విచారించాలేమో."

మామగారు అతని మొహంలోకి చూశారు. ఎవరు చెప్పి ఉంటారో ఆయనకు వెంటనే అర్థమైంది. "నీ చెయ్యి సంగతి?" అన్నారు మెల్లగా.

అల్లుడు నిచ్చెన పెట్టి, హెడ్మాస్టరుగారిని తన కుర్చీలోకి పిలిచాడు. గిటార్ గోలగోలగా లేచింది. మామగారు పక్కనే నిలబడి, కావాలనే రెండుసార్లు దగ్గారు. కత్తి అదరలేదు. హెడ్మాస్టరుగారికి ఆ రోజు రెండు చెంపలూ నున్నగా వచ్చాయి, రెండు చెవులూ భద్రంగా ఉన్నాయి.

మామగారు తన కుర్చీలో చేరగిలబడి, ముందు కుడిచెవిలో దూది తీశారు, తర్వాత ఎడమచెవిలోది తీశారు.

"జలుబు తగ్గినట్టుందయ్యా అల్లుడూ," అని, "సౌండు కాస్త పెంచు," అన్నారు.