మా అమ్మ పేనిన ఒడిసెల

ముసురు పట్టినప్పుడల్లా మా వంటింటి గోడకు వేలాడే ఒడిసెల చెమ్మ పీల్చుకుని, చిన్నప్పుడు వంకలో నానబెట్టిన పుండికట్టెల వాసన వేస్తుంది. ముక్కు మూసుకోవలసిన వాసనే, అయినా నేను దగ్గరికి పోయి మరీ పీలుస్తాను. కోడలు నవ్వుకుంటే నవ్వుకోనీ.

పుండి అంటే గోంగూరే. ఆకు పప్పులోకి, నార తాళ్ళకి, ఒడిసెలలకి. జొన్నకంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె ఎక్కి, ఒడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలితే పిట్టలన్నీ పక్క చేనికి పోయేవి. కారుణ్ణిమ పండగనాడు, అదే ఏరువాక పున్నమినాడు, మా ఊరికీ వంక అవతలి ఊరికీ దానితోనే పందెం. గుట్ట చుట్టూ పరుగెత్తి వచ్చి, ఆ ఎగరొప్పుతోనే ఒడిసెల తిప్పి బండమీది కుండ పగలగొట్టాలి. కాళ్ళున్నవాడికి గురి ఉండదు, గురి ఉన్నవాడికి కాళ్ళు రావు. రెండూ ఉన్నది మా ఎర్రిస్వామి మామకే. అమ్మకు తమ్ముడు, తల్లి పోతే అమ్మ చేతి ముద్ద తిని మా ఇంట్లోనే పెరిగాడు. ఏటా అతని ఒడిసెల అమ్మే పేనేది, తొడమీద నార రాసి రాసి, సరిగ్గా అతని చేతికి కుదిరేటట్టు. ఆ రోజంతా ఎద్దుల కొమ్ములకు రంగులు, ఓళిగలమీద నెయ్యి, సాయంత్రానికి గెలిచిన మామ భుజాలమీద నేను.

తర్వాత మా ఊరితో సహా బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, వంక అవతలి ఊరు ఆంధ్రలో ఉండిపోయింది. ఆ ఊళ్ళోనే మగబిడ్డలు లేని ఇంటికి మామ ఇల్లరికం పోయాడు. ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడైతే ఎగతాళి చేసి ఊరుకునేవాళ్ళే గానీ, ఆ ఏడు మామ అత్తగారి ఊరి తరఫున పరుగెత్తుతున్నాడని తెలియగానే మావాళ్ళు భగ్గుమన్నారు. ఊరి పెద్ద, గౌడు, మా గడప దాకా వచ్చి, "ఆ రాజ్యానికి పోయినోనికి మన నార ఎందుకమ్మా" అని అమ్మకు చెప్పి పోయాడు.

పండగ పొద్దున మామ వచ్చాడు. అమ్మ ఓళిగ పెట్టింది. గోడకున్న గూటానికి కొత్త ఒడిసెల వేలాడుతూనే ఉంది.

"ఆడ అన్నం తింటా ఈడ ఎట్ల పరిగెత్తేదక్కా," అన్నాడు. గూటం వైపు చూసి, "ఒడిసెల ఇస్తావా?" అన్నాడు.

అమ్మ నాయన వైపు చూసింది. నాయన వాకిట్లో ఎద్దు కొమ్ముకు రంగు పూస్తూ తల ఎత్తలేదు.

"ఇంగొక ఓళిగ ఎయ్యనా?" అంది అమ్మ.

మామ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

గుట్ట చుట్టి అందరికంటే ముందు వచ్చింది అతనే. ఎవరిదో అరువు ఒడిసెల. రాయి కుండ మీదుగా పోయింది, రెండోది పక్కకు పోయింది, ఇంతలో మావాడొకడు వచ్చి కుండ పగలగొట్టాడు. మావాళ్ళు ఈలలు వేశారు. అత్తగారి ఊరివాళ్ళు మామను చుట్టుకున్నారు.

"పెరిగినూరి కోసరం కావాల్నే తప్పిచ్చినావు."

"నార పొడుగైందప్పా," అని మామ చెబుతూనే ఉన్నాడు. ఎవరు విన్నారు? మా అవ్వ, నాయన తల్లి, "రెంటికీ చెడ్డ రేవడి అయినాడు గదే," అని ముక్కు చీదింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆడవాళ్ళ మధ్య నిలబడిపోయింది. అటు పోలేదు, ఇటు రాలేదు. నేనా, చిన్నపిల్లను, ఏం చేయగలను.

మామ మళ్ళీ ఏ ఊరికీ పరుగెత్తలేదు. పండగలకు వచ్చేవాడు, తినేవాడు, ఆ గూటం వైపు మాత్రం చూసేవాడు కాదు. అమ్మ దాన్ని తీయనూ లేదు.

ఇప్పుడు ఆ పందెం లేదు, మంచెలు లేవు, జొన్నచేల మీద గనుల లారీల ఎర్రదుమ్ము. పుండిని ఆకు కోసమే వేస్తున్నారు. అమ్మ పోయింది, మామా పోయాడు. ఒకసారి ఆ ఒడిసెల తాడు కొసనున్న ఉంగరం వేలికి తొడిగి చూశాను, నా చేతికి నేలను ఈడ్చుకుంటోంది. అమ్మ అన్నేళ్ళు పేనిన వాటిలో ఇదొక్కటే ఇంతవరకూ రాయి ఎరగదు.